గేమింగ్ పీసీ కొటేషన్‌ని కింది నుంచి పైకి చదవాలి

2024 ఎండాకాలంలో, ఇంటర్ పరీక్షలు అయిపోగానే మా అక్క కొడుకు గేమింగ్ పీసీ కావాలని పట్టుబట్టాడు. మానిటర్‌తో కలిపి 80 వేలు దాటకూడదని అక్క ముందే చెప్పేసింది. వాడు ఒక షాపుకి వెళ్లి కొటేషన్ రాయించుకుని నా దగ్గరికి తెచ్చాడు. కాగితం మీద అన్నిటికంటే పైన ప్రాసెసర్ ‘ఐ7’ అని పెద్దగా రాసి, కింద రెండు గీతలు కొట్టారు. తర్వాత మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒక స్టిక్, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అట్టడుగున ‘కేబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ (ఎస్‌ఎంపీఎస్ అంటే పీసీ భాగాలన్నిటికీ కరెంటు పంచే పెట్టె), ‘22 ఇంచ్ మానిటర్’. ఈ చివరి రెండిటికీ కంపెనీ పేరు కూడా రాయలేదు.

“మామయ్యా, ఐ7 లేకపోతే పెద్ద గేములు ఆడవంట కదా?” అన్నాడు.

ఆ కాగితాన్ని తిరగేసి, వెనక వైపు మొదటి లైన్లో ‘మానిటర్’ అని రాశాను. గేమింగ్ కోసం కొనేటప్పుడు లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మిగతా డబ్బంతా ఎటు పోవాలో చెప్పేది అదే.

ఎందుకో చూద్దాం. ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 20.7 లక్షలు. దాని పై మెట్టు 1440పీలో ఇవి 36.9 లక్షలవుతాయి. 4కే అయితే దాదాపు 83 లక్షలు, అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. గేమ్ ఆడుతున్నంతసేపూ ఈ చుక్కలన్నిటికీ సెకనుకి పదుల సార్లు కొత్తగా రంగు లెక్కగట్టాలి. 60 హెర్ట్జ్ మానిటర్‌కి, అంటే సెకనుకి 60 సార్లు తెర మార్చేదానికి, ఒక్కో బొమ్మ తయారు చేయడానికి దాదాపు 16.7 మిల్లీసెకన్ల టైముంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్‌ని పూర్తిగా వాడుకోవాలంటే 6.9 మిల్లీసెకన్లే. ఎన్ని చుక్కలు, ఎంత టైము అన్న ఈ రెండు అంకెలు తేలకుండా ఏ కార్డు కొనాలి, ఏ ప్రాసెసర్ కొనాలి అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

ఇక ఆ ఒక్క బొమ్మ, అంటే ఒక ఫ్రేమ్, ఎలా తయారవుతుందో చెప్తాను. ఇది అర్థమైతే ‘బాటిల్‌నెక్’ అనే మాట చుట్టూ ఉన్న గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

మన టిఫిన్ సెంటర్‌నే తీసుకోండి. ఒక కుర్రాడు టేబుళ్ల చుట్టూ తిరిగి ఆర్డర్లు తెస్తాడు. పెనం దగ్గర మాస్టర్ దోసెలు వేస్తాడు. గేమ్‌లో ఆ కుర్రాడే ప్రాసెసర్. ఏ శత్రువు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎవరికి తగిలింది, ఈ క్షణాన తెర మీద ఏమేం కనిపించాలి అన్నవన్నీ తేల్చి ఆర్డర్ ఇస్తాడు. గ్రాఫిక్స్ కార్డు మాస్టర్. ఆర్డర్ చేతికి రాగానే చుక్క చుక్కకీ రంగు నింపి బొమ్మ వేసేస్తాడు. కుర్రాడు నిదానమైతే మాస్టర్ పెనం ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. మాస్టర్ నిదానమైతే ఆర్డర్లు పేరుకుపోతాయి. కస్టమర్‌కి దోసెలు ఎంత వేగంగా అందుతాయో ఇద్దరిలో వెనకబడినవాడిని బట్టే ఉంటుంది. ఆ వెనకబడినవాడే బాటిల్‌నెక్.

ఇప్పుడు దోసె సైజు రెట్టింపు చేద్దాం. మాస్టర్‌కి పని పెరిగింది. కుర్రాడికి పెరిగిందేమీ లేదు, ఆర్డర్ చీటీ అదే. రిజల్యూషన్ పెంచినా సరిగ్గా ఇదే జరుగుతుంది. 4కేలో ఆడితే బరువంతా కార్డు మీద పడుతుంది, ప్రాసెసర్‌కి పెద్దగా తేడా ఉండదు. అదే ఫుల్ హెచ్‌డీలో, సెట్టింగ్స్ తగ్గించి, సెకనుకి 200 ఫ్రేములు కావాలంటే చిన్న చిన్న దోసెలు చకచకా పడాలన్నమాట. అప్పుడు పరుగులు పెట్టాల్సింది కుర్రాడు. అందుకే వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి గేములు ప్రాసెసర్ మీద ఆధారపడతాయి. సైబర్‌పంక్ 2077ని రే ట్రేసింగ్‌తో, అంటే వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే సెట్టింగ్‌తో, ఆడాలంటే మాత్రం కార్డు గట్టిగా ఉండాలి.

కాబట్టి ‘ఈ ప్రాసెసర్‌కి ఈ కార్డు వేస్తే బాటిల్‌నెక్ ఎంత శాతం?’ అన్న ప్రశ్నకి స్థిరమైన జవాబు లేదు. గేమ్ మారితే అది మారుతుంది, సెట్టింగ్ మార్చినా మారుతుంది. శాతాలు లెక్కగట్టి చూపించే సైట్లని పట్టించుకోవద్దు. ఇప్పటికే పీసీ ఉన్నవాళ్లు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫ్రేమ్ లిమిట్, ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్ తీసేసి గేమ్ నడిపించండి. రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించినా ఫ్రేములు అలాగే ఉంటే ప్రాసెసర్ అలిసిపోయిందని అర్థం. బాగా పెరిగితే కార్డుదే లోటు. ఈ ఐదు నిమిషాల పరీక్ష చేయకుండా అప్‌గ్రేడ్ కోసం వేలు ఖర్చుపెట్టినవాళ్లని చూసి నాకు నిజంగా బాధేసింది.

మావాడి కాగితంలో తప్పు ఇప్పుడు కనిపిస్తుంది. కుర్రాడు మెరుపు వేగం, మాస్టర్‌కి ఒకటే చిన్న పెనం. డబ్బులో పెద్ద వాటా ఐ7కి వెళ్లిపోయి, కార్డు దగ్గరికొచ్చేసరికి 4 జీబీతో సరిపెట్టారు. గేములే ముఖ్యమైతే మొత్తం ఖర్చులో మూడో వంతు, వీలైతే ఇంకాస్త ఎక్కువ, కార్డుకే పోవాలి. పోటీ గేముల కోసం చాలా ఎక్కువ ఫ్రేములు కోరుకునేవాళ్ల లెక్క వేరు. వాళ్లు ప్రాసెసర్ వైపు కొంత జరపాలి.

ఐ7 అన్న పేరు దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. అది ఇంటెల్ పెట్టుకున్న మెట్టు పేరు, అంతే. దాని వెనకుండే అంకె చూడకుండా ఏమీ చెప్పలేం. 2011లో వచ్చిన ఐ7-2600కి నాలుగు కోర్లు (విడివిడిగా పనిచేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా అంతే. కానీ ఆ ఐ3 ఈ పాత ఐ7ని చాలా తేలిగ్గా దాటేస్తుంది. ‘ఐ7 గేమింగ్ పీసీ’ అని ఆన్‌లైన్లో చవగ్గా కనిపించే సెట్లలో చాలావాటిలో ఇలాంటి రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లే ఉంటాయి. వాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు చూసి మోసపోవద్దని తమ్ముళ్లందరినీ బతిమాలి చెప్తున్నాను.

కార్డుల పేర్లలో తికమక ఇంకా ఎక్కువ. 2016లో ఎన్విడియా నుంచి జీటీఎక్స్ 1060 అని 6 జీబీది, 3 జీబీది రెండు వచ్చాయి. తేడా మెమరీలోనే అనుకున్నారు చాలామంది. లోపల కోర్లు కూడా వేరు, 1280, 1152. అదే కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060 మొదట 12 జీబీతో వచ్చింది. తర్వాత అదే పేరుతో 8 జీబీది వచ్చింది, దాని మెమరీ దారి కూడా 192 బిట్ల నుంచి 128కి తగ్గింది. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, 5060 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మూడూ 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలుగా వచ్చాయి. కొటేషన్‌లో పేరు పక్కన జీబీ రాయకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి.

ఆ జీబీ ఎందుకంత ముఖ్యమంటే, గోడలు, నేల, చెట్లు, ముఖాల బొమ్మలన్నీ ఆడుతున్నంతసేపూ కార్డు సొంత మెమరీలో ఉండాలి. అది నిండిపోతే మిగిలినవి బోర్డు మీది ర్యామ్‌లోకి పోతాయి. కావాల్సినప్పుడల్లా అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఆ దారి కార్డు లోపలి దారికంటే ఎన్నో రెట్లు నిదానం. సగటున సెకనుకి 80 ఫ్రేములు చూపిస్తూనే మలుపు తిరిగినప్పుడల్లా తెర ఒక్కసారి బిగుసుకుపోతుంటే, తరచుగా కారణం ఇదే. సగటు అంకె ఈ జర్కులని దాచేస్తుంది. రివ్యూలు చూసేటప్పుడు ‘1 పర్సెంట్ లో’ అనే గీతని కూడా చూడండి. అన్నిటికంటే నిదానంగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం ఎంతో అది చెప్తుంది. చేతికి తెలిసేది ఆ వేగమే.

ప్రాసెసర్ విషయంలో నా మాట సూటిగా చెప్తాను. మధ్యతరగతి బడ్జెట్‌లో గేములకి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న కొత్త తరం ప్రాసెసర్ చాలు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్, ఏఎండీ రైజెన్ 5 5600 ఈ కోవలోవే. ‘ఎఫ్’ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవని గుర్తు. కార్డు లేకుండా దాంతో తెర వెలగదు. డబ్బు ఎక్కువున్నవాళ్లు ఏఎండీలో ‘ఎక్స్3డీ’ అని ఉన్నవి చూడొచ్చు. వంటింట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఎందుకుంటుందో ఆలోచించండి. ఆవాలు కావాలన్నప్పుడల్లా స్టోర్ రూముకి వెళ్తే నూనె మాడిపోతుంది. ప్రాసెసర్‌కి క్యాష్ ఆ పోపుల డబ్బా, ర్యామ్ స్టోర్ రూము. రైజెన్ 7 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో దాన్ని 96 ఎంబీ చేశారు. కోర్లు పెరగలేదు, వేగం కాస్త తగ్గింది కూడా. అయినా చాలా గేముల్లో అది ముందుకెళ్లిపోయింది.

సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. ఇంటెల్ 13, 14 తరాల్లో కరెంటు ఎక్కువ తాగే ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. కంపెనీ ఆ ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ అప్‌డేట్ కొత్త దెబ్బని ఆపగలదు గానీ ఇప్పటికే తగిలినదాన్ని బాగుచేయలేదు. కాబట్టి వారంటీ ఎంత మిగిలుందో చూసుకోకుండా వాటి జోలికి వెళ్లొద్దు.

ర్యామ్ దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే, నష్టం మాత్రం పెద్దది. మావాడి కాగితంలో 16 జీబీ ఒకటే స్టిక్. దాన్ని 8, 8గా రెండు చేయమన్నాను. రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్‌కి ర్యామ్‌తో రెండు దారులుంటాయి, ఒకటైతే సగం దారి మూసేసినట్టే. నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. డబ్బా మీద రాసిన వేగం దానంతటదే రాదు. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ర్యామ్‌ని ఆ వేగానికి పెంచే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి. 6000 అని రాసున్న డీడీఆర్5 ర్యామ్ కొని, ఏళ్ల తరబడి 4800 దగ్గరే నడుపుతున్న ఇళ్లు చాలా ఉంటాయి.

మేం కొన్నప్పటికీ ఇప్పటికీ ర్యామ్ ధరల్లో చాలా తేడా వచ్చింది. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతుండటంతో రేట్లు ఒక్కసారిగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ ఆ వ్యాపారమే మానేస్తున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. అందుకని పాత వీడియోల్లో చెప్పిన ‘32 జీబీ తప్పనిసరి’ అన్న సలహాని ఇవాళ్టి రేట్లతో మళ్లీ తూకం వేసుకోండి. చేతిలో డబ్బు తక్కువైతే 16 జీబీ జతతో మొదలుపెట్టి, కార్డుని మాత్రం తగ్గించకుండా ఉండటమే మేలని నా అభిప్రాయం.

ఇక కొటేషన్‌లో అట్టడుగున, పేరు లేకుండా పడున్న ఎస్‌ఎంపీఎస్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది దీని దగ్గరే.

నా మొదటి పీసీలో కేబినెట్‌తో పాటు ‘450 వాట్స్’ ఎస్‌ఎంపీఎస్ ఉచితంగా వచ్చింది. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత గేమ్ మధ్యలో రీస్టార్ట్ అవడం మొదలైంది. విండోస్ మార్చాను, ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. ఒక రాత్రి టప్‌మని చప్పుడొచ్చి, గదంతా కాలిన వాసన నిండింది. పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయింది. తర్వాత దాన్ని విప్పి చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యమేసింది, కాగితం డబ్బా అంత తేలిక. పక్కన స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో 17 ఆంపియర్లు అని ఉంది. 17ని 12తో గుణిస్తే 204. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. అంటే పైన 450 అని ఉన్నా, నాకు నిజంగా పనికొచ్చేది 204 వాట్లే.

ఆ గుణకారం మీరూ చేయండి. షాపులో అట్టపెట్టె తెరిపించి, ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చూసి, 12 వోల్టుల దగ్గరున్న ఆంపియర్లని 12తో గుణిస్తే వచ్చింది మొత్తం వాట్లకి దగ్గరగా ఉండాలి. మంచి యూనిట్లలో అలాగే ఉంటుంది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ లాంటి ముద్రలు గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తుందో చెప్తాయి. ఓవర్‌లోడ్ అయినప్పుడు తనంతట తాను ఆగిపోయి మిగతావాటిని కాపాడుతుందా అన్నది ఆ ముద్ర చెప్పదు. దానికోసం ఆ మోడల్‌ని విప్పి పరీక్షించిన రివ్యూలు చూడాలి. వాట్ల కోసం ఎగబడక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునేది 115 వాట్లు, 3060 అయితే 170. మామూలు ఆరు కోర్ల ప్రాసెసర్, ఫ్యాన్లు, డ్రైవులు అన్నీ కలిపినా నాణ్యమైన 550 వాట్స్ యూనిట్ హాయిగా మోస్తుంది. ఇంకో మాట. పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లు కొత్తదానికి తగిలించొద్దు. ప్లగ్ ఒకేలా కనిపించినా యూనిట్ వైపు పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది, డ్రైవులు కాలిపోవచ్చు.

కేబినెట్‌ని ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? అది చాలామటుకు ఇంటి ఎర్తింగ్ లోపం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి భూమిలోకి పోవాల్సిన కొద్దిపాటి కరెంటు దారిలేక కేబినెట్ మీదే ఉండిపోతుంది. పీసీ పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూడో పిన్ను చూపించండి. పాత ఇళ్లలో ఇది మరీ అవసరం. యూపీఎస్ కొనేవాళ్లు కూడా గమనించాలి, 600 వీఏ అని అమ్మేవి సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. కరెంటు పోయాక గేమ్ కొనసాగించడానికి కాకుండా సేవ్ చేసి ఆపడానికే దాన్ని వాడుకోవాలి.

కేబినెట్ ఎంచుకునేటప్పుడు మన ఎండల్ని మర్చిపోకూడదు. యూట్యూబ్ రివ్యూల్లో కార్డు 68 డిగ్రీలు అని చూపిస్తే, ఆ గది 22 డిగ్రీల ఏసీలో ఉండొచ్చు. అంటే కార్డు గదికంటే 46 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందన్నమాట. ఫ్యాన్ వేగం మారకపోతే ఆ 46 దాదాపు అలాగే ఉంటుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 40 డిగ్రీలుంటే అదే కార్డు 86 దగ్గరికి చేరుతుంది. వేడి హద్దు దాటితే చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ముందు వైపు మొత్తం గాజు పలక ఉన్న కేబినెట్లు చూడటానికి బాగుంటాయి కానీ గాలి ఎక్కడి నుంచి వెళ్లాలి? ముందు జాలీ, తీసి కడుక్కోగలిగే డస్ట్ ఫిల్టర్, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి ఉంటే చాలు. రంగు లైట్లకి పెట్టే డబ్బు ఎస్‌ఎంపీఎస్‌కి మళ్లించండి.

బోర్డు, ఎస్‌ఎస్‌డీల గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోవద్దు. పాత రకం సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ, వేగమైన రకం నాలుగో తరం ఎన్‌వీఎంఈ 7000 ఎంబీ దాకా చదువుతాయి. అయినా ఇప్పటి చాలా గేములు తెరుచుకోవడంలో తేడా కొన్ని సెకన్లే. ధరలో తేడా లేకపోతే ఎన్‌వీఎంఈ 1 టీబీ తీసుకోండి. బోర్డు విషయంలో చూడాల్సింది ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి భవిష్యత్తు ఉందా అన్నది. 2017లో ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు కొన్న చాలామంది బయోస్ అప్‌డేట్ చేసి 2022 నాటి 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకున్నారు. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 మాత్రం 14వ తరంతో ఆగిపోయి, 2024 అక్టోబర్‌లో కొత్త సాకెట్ వచ్చేసింది.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో బావతోనో కార్డు తెప్పించుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఆ కంపెనీ నియమం ముందే చదువుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. ఇక్కడ కొన్నా సరే, సీరియల్ నంబర్‌తో జీఎస్టీ బిల్లు తీసుకోండి.

మేం చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి, ఒక పూటంతా కేటాయించాం. తిరగేసిన కాగితం మీద కింది నుంచి పైకి కట్టుకున్న లిస్టు ఇది: 24 ఇంచ్ 165 హెర్ట్జ్ మానిటర్, ముందు జాలీ ఉన్న కేబినెట్, 550 వాట్స్ బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ రెండు, మామూలు బోర్డు, అన్నిటికంటే పైన ఐ5-12400ఎఫ్. 80 వేలలోపే అయిపోయింది.

ఇంటికొచ్చి బిగించాం. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. మావాడి ముఖం వాడిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే మానిటర్ కేబుల్ బోర్డుకి తగిలించాడు. ఎఫ్ అక్షరం గుర్తుచేసి, దాన్ని తీసి కార్డుకి పెట్టమన్నాను. విండోస్ వచ్చాక డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే అక్కడ 60 హెర్ట్జ్ అని ఉంది. వాడే 165కి మార్చి, మౌస్‌ని అటూ ఇటూ కదిపి చూసి, “మామయ్యా, బాణం జారిపోతోంది చూడు!” అన్నాడు.